అభిప్రాయాల సాధారణ బదిలీలు

పెన్షనర్ల కాలనీలో అభిప్రాయాలకు కూడా బదిలీలు వర్తింపజేయాలన్న నిర్ణయం ఒక్క రోజులో పుట్టినది కాదు. దాని వెనుక ఒక రైల్వే గేటు, ఒక క్రికెట్ మ్యాచి, ఒక బ్లాగు ఉన్నాయి. మొదటి రెండూ సంక్షేమ సంఘం పరిధిలోనివి కావు గనుక సంఘం వాటి జోలికి పోలేదు. మూడోది మాత్రం నిస్సందేహంగా సంఘానిదే.

కాకినాడ శివార్లలో ఉన్న ఆ కాలనీవారందరూ ఏదో ఒక శాఖలో ఏదో ఒక కుర్చీని చిరకాలం వెచ్చగా ఉంచి వచ్చినవారే. పదవీ విరమణతో సంతకానికి విలువ పోయిన మనిషికి మిగిలేది అభిప్రాయం ఒక్కటే. అందుచేత కాలనీలో నీటికి ఎద్దడి వచ్చిన ఏళ్ళున్నాయి గాని, అభిప్రాయాలకు ఎద్దడి వచ్చిన పూట లేదు. వాటిని సాయంత్రాలు పార్కులోని సిమెంటు బల్లల మీద ప్రకటించేవారు. ఆ తరువాత ఇళ్ళకు పోయి 'మన మాట' అనే సంఘం బ్లాగులో రాసేవారు. నాటి వార్తలు, నాటి ఆటలు, వాటి మీద సభ్యుల తీర్పులు, ఆ తీర్పుల కింద తక్కినవారి వ్యాఖ్యలు. వ్యాఖ్యలు 'పూజ్యులు, పెద్దలు' అన్న సంబోధనతో ప్రారంభమై, మూడో వాక్యానికల్లా అవతలివారి సర్వీసులో జరిగిన శాఖాపరమైన విచారణల దాకా వెళ్ళేవి.

ఏళ్ళ తరబడి వస్తున్నట్టే ఆ ఏడు కూడా రైల్వే గేటు దగ్గర వంతెన కట్టాలా వద్దా అన్న వార్త వచ్చింది. కట్టి తీరాలని ఎప్పటిలాగే విశ్రాంత ప్రధానోపాధ్యాయిని కామాక్షమ్మగారు రాశారు. గేటు పడినప్పుడే మనిషి కాస్త ఆగి ఆలోచిస్తాడని, వంతెన వస్తే ఆ అవకాశం కూడా పోతుందని విశ్రాంత పశువైద్యుడు పేరయ్యగారు రాశారు. అదే వారంలో ఆయన తన పాత పాటే అందుకొని, ఇరవై ఓవర్ల ఆట క్రికెట్టే కాదని, అది తిరునాళ్ళని కూడా రాశారు. గేదెలకు సూదులు వేసిన చెయ్యి క్రికెట్టు నాడి పట్టనక్కర్లేదని కామాక్షమ్మగారు దాని కింద వ్యాఖ్యానించారు. తరువాత ఒక గృహప్రవేశంలో ఆ ఇద్దరూ ఒకే వరుసలో భోజనానికి కూర్చోవడానికి నిరాకరించడంతో వ్యవహారం సంఘం అధ్యక్షుల దృష్టికి వెళ్ళింది.

అధ్యక్షులు వక్కలంక సుందరరామంగారు. సచివాలయంలో ఉపకార్యదర్శిగా చేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. ఆయన సర్వీసంతా బదిలీల విభాగంలోనే గడిచింది. రాష్ట్రంలో ఆయన కదిలించని ఉద్యోగి లేడు. ఆయనను మాత్రం ఆ విభాగం నుంచి ఎవరూ కదిలించలేదు.

సర్వసభ్య సమావేశంలో ఆయన లేచి నిలబడి, కళ్ళజోడు సవరించుకొని, సమస్య మూలాన్ని వివరించారు.

"వ్యక్తులలో దోషం లేదు. దోషం స్థానంలో ఉంది. ఒకే స్థానంలో దీర్ఘకాలం కొనసాగిన ఉద్యోగికి ఆ స్థానం పట్ల మమకారం కలుగుతుంది. మమకారం వల్ల ముఠాలు పుడతాయి. ఈ జబ్బుకు ప్రభుత్వం ఏనాడో మందు కనిపెట్టింది. మూడేళ్ళకు మించి ఒకే అభిప్రాయంలో ఉన్న ప్రతి సభ్యుణ్ణీ ప్రజా ప్రయోజనం దృష్ట్యా వేరొక అభిప్రాయానికి బదిలీ చేయడమైనది."

చేయాలి అనలేదు, చేయడమైనది అన్నారు. ఆ క్రియారూపం చెవిన పడగానే హాలులో ఉన్న వారందరి వెన్నెముకలూ వాటంతట అవే నిటారుగా అయ్యాయి. ఎన్నో ఏళ్ళ తరువాత తమను ఎవరో మళ్ళీ కదిలించబోతున్నారన్న పులకింత కొందరి ముఖాల్లో స్పష్టంగా కనిపించింది.

ఆ ఉత్తర్వుల చిత్తుప్రతిని సరిదిద్దే పని దువ్వూరి నృసింహమూర్తిగారి మీద పడింది. ఆయన ప్రభుత్వ కళాశాలలో ఇంగ్లీషు అధ్యాపకులుగా పనిచేశారు. ఎక్కడ కామా ఉండాలో అక్కడ లేకపోతే ఆయనకు అన్నం సహించదు. పైగా, ఆయనకు ఈ పథకం తప్పుగా తోచలేదు. కళాశాలలో వక్తృత్వ పోటీలకు పిల్లలను తయారుచేసేటప్పుడు ఏ పక్షం ఇచ్చినా వాదించగలవాడే వక్త అని ఆయనే నేర్పేవారు. మనిషి అప్పుడప్పుడు అవతలి గట్టున నిలబడి చూడటం మంచిదేనని ఆయన నమ్మకం. కాబట్టి చిత్తుప్రతిని శ్రద్ధగా చదివి, నిర్వచనాలు బిగించి, సందిగ్ధానికి తావు లేకుండా చేసి ఇచ్చారు. పార్కులోని సిమెంటు బల్లలు సంఘం ఆస్తి గనుక వాటి మీద కూర్చొని వెలిబుచ్చే అభిప్రాయాలకు కూడా ఉత్తర్వులు వర్తిస్తాయన్న వాక్యం అధ్యక్షులది. అందులోని అన్వయ సౌష్ఠవం మాత్రం నృసింహమూర్తిగారిది.

ఇంట్లో ఆయన భార్య లలితాంబగారు ఆ కాగితాలు చదివి, దంపతులను వీలైనంతవరకు ఒకే అభిప్రాయంలో నియమించవలెనన్న నిబంధన దగ్గర ఆగారు.

"పెళ్ళయిన నాటి నుంచీ మనిద్దరం ఒక్క అభిప్రాయంలో ఉన్నదెప్పుడండీ? ఇప్పుడు ఈ వయసులో సుందరరామంగారు కాపురం పెట్టిస్తారా?" అని, తనకు ఆ వెసులుబాటు అక్కర్లేదని ఆ రోజే సంఘానికి కబురు చేశారు.

కౌన్సెలింగు కమ్యూనిటీ హాలులో జరిగింది. ఖాళీ అయిన అభిప్రాయాలన్నీ నల్లబల్ల మీద రాసి పెట్టారు. వంతెన కావాలి, వంతెన వద్దు. ఇరవై ఓవర్ల ఆట మంచిది, చెడ్డది. కొత్త జిల్లాలు మేలు, కీడు. టీవీ చర్చల్లో అరవవచ్చు, అరవరాదు. సీనియారిటీ ప్రకారం పిలిచి కోరుకోమన్నారు. రక్తపోటు ఉన్నవారిని ఓడిపోయే జట్లను సమర్థించే అభిప్రాయాల నుంచి వైద్య కారణాల మీద మినహాయించారు. అంపైరు నిర్ణయం ఎల్లవేళలా సరైనదే అన్న అభిప్రాయాన్ని ఎవరూ కోరుకోలేదు. కొండల మధ్య, బస్సు పోని ఊరికి వేసినట్టు దాన్ని చిట్టచివర ఉన్న జూనియరు సభ్యుడికి అంటగట్టారు. ఒకాయన పార్లమెంటు సభ్యుడి సిఫారసు తెచ్చి, ఏ అభిప్రాయమూ లేని చోట తనను వేయించుకున్నాడు. పేరయ్యగారికి వంతెన కావాలనే అభిప్రాయంతో పాటు ఇరవై ఓవర్ల ఆటను మెచ్చుకొనేదీ, కామాక్షమ్మగారికి వంతెన వద్దనే అభిప్రాయం వచ్చాయి. ఇద్దరూ అవతలివారి వంక గెలిచినట్టు చూసుకున్నారు.

అప్పుడు కర్రి వీర్రాజుగారి పేరు పిలిచారు.

వీర్రాజుగారు మత్స్యశాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి వచ్చారు. మితభాషి. నృసింహమూర్తిగారితో కలిసి రోజూ సాయంత్రం పార్కులో వేపచెట్టు కింద ఉన్న బల్ల మీద కూర్చొనేవారు. ఆయనకు లోకంలో ఉన్నది ఒకే ఒక్క అభిప్రాయం. తన అన్న నూకరాజు రాష్ట్ర జట్టులో ఆడవలసిన బౌలరని. ఎడమచేతి వాటం, నెమ్మదిగా తిరిగే బంతి; జిల్లా పోటీల్లో ఆయన ముందు నిలబడ్డ బ్యాట్స్‌మన్ లేడని. ఎంపిక చేసేవాళ్ళ కళ్ళకు కాకినాడ ఆనలేదని. నూకరాజు ఆ తరువాత రేవులో గుమాస్తాగా చేరి, పెళ్ళి చేసుకోక, ఏ ఫొటోకూ ఎక్కక, ఒక వానాకాలంలో చనిపోయారు. ఆయన పేరు ఇంకా పలికే మనిషి భూమ్మీద తమ్ముడొక్కడే. ఏ వార్త వచ్చినా, ఏ మ్యాచి జరిగినా, వీర్రాజుగారు బ్లాగులో చివరకు ఆ పేరు దగ్గరకే వచ్చి ఆగేవారు.

దానికి రోజూ అడ్డం చెప్పేది నృసింహమూర్తిగారు. జిల్లా పోటీలు వేరు, రాష్ట్ర స్థాయి వేరు; బంతిని అంతగా గాలిలోకి ఎగరేస్తే పెద్ద బ్యాట్స్‌మెన్ ఊరుకోరు అని ఆయన వాదించేవారు. అసలు సంగతేమిటంటే, స్నేహం మొదలైన ఏడాదే ఆయన వీర్రాజుగారి వాదనకు పూర్తిగా లొంగిపోయారు. ఆ మాట బయటపెడితే వీర్రాజుగారు ఒకసారి తల ఊపి ఊరుకుంటారని, ఆ తరువాత ఇద్దరి మధ్యా వాతావరణం తప్ప మాట్లాడుకోవడానికేమీ మిగలదని గ్రహించి, నాటి నుంచి నేటి వరకు క్రమం తప్పకుండా విభేదిస్తూ వచ్చారు. అది ఆయన తన మిత్రుడికి చేస్తున్న మర్యాద.

"కర్రి వీర్రాజుగారు. కాలనీలో అత్యంత దీర్ఘకాలికులు" అని సుందరరామంగారు ప్రకటించారు. "వీరి విషయంలో మినహాయింపులకు ఆస్కారం లేదు."

వీర్రాజుగారు నల్లబల్ల వైపు చూశారు, చేతులు కట్టుకొని నిలబడ్డారు. ఆయన సర్వీసులో ఒక్క బదిలీకి కూడా ఎదురు చెప్పినవారు కారు. హాలంతా ఎదురుచూస్తోంది. అప్పుడు నృసింహమూర్తిగారికి ఒక ఉపాయం తోచింది. నూకరాజు గురించిన అభిప్రాయం ఎవరి చేతిలోనో పడి పాడవకుండా ఉండాలంటే, ఒకరి స్థానానికి ఇంకొకరు వెళ్ళే పరస్పర బదిలీ ఒక్కటే మార్గం. ఆయన లేచి, వీర్రాజుగారి స్థానానికి తాను, తన స్థానానికి వీర్రాజుగారు వెళ్ళడానికి సిద్ధమని మనవి చేశారు. అధ్యక్షులు సంతోషించి, ఇటువంటి సహకారమే పరిపాలనకు ప్రాణమని మెచ్చుకున్నారు.

"ఆయ్, అలాగేనండి" అన్నారు వీర్రాజుగారు.

మరునాడు చార్జి అప్పగింత జరిగింది. వీర్రాజుగారు ఇస్త్రీ చొక్కా వేసుకొని నృసింహమూర్తిగారి ఇంటికి వచ్చి, కాఫీ ముట్టకుండా, అన్న గురించి తనకు తెలిసినదంతా వరుసగా చెప్పారు. చాప పరిచిన పిచ్ మీద అన్న వేళ్ళు బంతిని ఎలా వదిలేవో, తెల్లవారకముందే తనను లేపి గోడ దగ్గర కీపరుగా నిలబెట్టి ఎలా సాధన చేసేవారో, ఎంపికల రోజు అమ్మ ఎలాంటి చల్దన్నం కట్టి ఇచ్చిందో. నృసింహమూర్తిగారు అన్నీ విన్నారు. తన వంతు వచ్చినప్పుడు అప్పగించడానికి ఆయన దగ్గర గాలిలోకి ఎగరేసే బంతి తప్ప ఏమీ లేకపోయింది. ఇన్నేళ్ళు ఇంత తక్కువ సరుకుతో వాదించినందుకు ఆయనకే ఆశ్చర్యం వేసింది.

"ఇంతేనా మాస్టారూ?" అన్నారు వీర్రాజుగారు.

"ఇంతేనండీ."

బదిలీలైన కొత్తలో కాలనీ మహా ఉత్సాహంగా ఉంది. పేరయ్యగారు ఇరవై ఓవర్ల ఆటను ఎంత తీవ్రంగా తిట్టారో అంత తీవ్రంగానూ పొగిడారు. కామాక్షమ్మగారు వంతెన వల్ల కలిగే అనర్థాలను ఏకరువు పెట్టారు. ఇద్దరూ మునుపటిలాగే కొట్లాడుకున్నారు. కాకపోతే ఎవరి మాటలు వారికే తిరిగి తగులుతుండటంతో నొప్పి కాస్త ఎక్కువైంది. అధ్యక్షులు దీనిని పరివర్తన అన్నారు.

అంతలోనే ఒక అక్రమం బయటపడింది. చాలామంది సభ్యులు పగలంతా కొత్త అభిప్రాయంలో హాజరై, చీకటి పడగానే పాత అభిప్రాయానికి వెళ్ళిపోయి, ఇంట్లోవాళ్ళ దగ్గర దానిలోనే కాలక్షేపం చేసి, మళ్ళీ పొద్దున్నే కొత్తదానికి వస్తున్నారు. పూర్వం పల్లెల్లో ఉద్యోగమై పట్నంలో కాపురమున్నవారు ఇలాగే రోజూ అప్ అండ్ డౌన్ చేసేవారు. సుందరరామంగారికి ఈ రోగం కొత్త కాదు. సభ్యులు తమకు కేటాయించిన అభిప్రాయంలోనే నివాసముండవలెనని, భార్యాపిల్లలతో ఏకాంతంగా ఉన్నప్పుడు కూడా హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్ళరాదని ఆయన ఉత్తర్వులిచ్చారు. తనిఖీకి కూడా బయలుదేరారు. పేరయ్యగారి ఇంట్లో టీవీలో ఇరవై ఓవర్ల మ్యాచి వస్తుండగా ఆయన ముఖంలో ఆనందం లేకపోవడాన్ని కిటికీలోంచి గమనించి, సంజాయిషీ అడిగారు.

ఇవన్నీ లోకం నవ్వుకోవడానికి పనికొచ్చే సంగతులు. వేపచెట్టు కింది బల్ల దగ్గర జరిగింది మాత్రం అలాంటిది కాదు.

బదిలీ తరువాతి మొదటి సాయంత్రం నృసింహమూర్తిగారు గొంతు సవరించుకొని, నూకరాజు రాష్ట్ర జట్టుకు అన్ని విధాలా తగినవాడని మొదలుపెట్టారు. అప్పగింతలో విన్నదంతా ఆయన చేతిలో చక్కని వాక్యాలైంది. పాఠం చెప్పినంత నిండుగా చెప్పి, ఆగి, మిత్రుడి వంక చూశారు. ఇక వీర్రాజుగారు కాదనాలి. వీర్రాజుగారు నోరు తెరిచారు. నిబంధన ప్రకారం తన అన్న పనికిరాడని చెప్పడం ఆయన విధి. ఆయన చాలాసేపు ఆ నోరు అలాగే ఉంచి, మూసి, పంచె దులుపుకొని లేచి వెళ్ళిపోయారు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వారం తిరిగాక తెలిసిందేమిటంటే, వీర్రాజుగారు అభిప్రాయం నుంచి దీర్ఘకాలిక సెలవు పెట్టారు. బ్లాగులో రాయడం మానేశారు. నృసింహమూర్తిగారు వాళ్ళ ఇంటికి వెళితే కుర్చీ వేశారు, మజ్జిగ ఇప్పించారు, ఏమడిగినా 'ఆయ్' అన్నారు. కోడలు గుమ్మం దగ్గరకు వచ్చి, మామగారు ఇంట్లో కూడా ఇంతేనని, పేపరు తెరిచి ఆటల పేజీ రాగానే మడిచేస్తున్నారని మెల్లగా చెప్పింది.

నృసింహమూర్తిగారు ఇంటికి వచ్చి పడక్కుర్చీలో కూలబడ్డారు.

"ఉన్న ఒక్క మాట చెప్పుకునే మనిషి నోరు కుట్టేశారు కదండీ" అన్నారు లలితాంబగారు. "పైగా ఆ కుట్టిన దారం మీరు దూర్చిందే."

ఆయన ఉత్తర్వుల నకలు తీసి, అందులో తన కామాలను వెదుక్కున్నారు.

మర్నాడు ఆయన అధ్యక్షుల దగ్గరకు వెళ్ళి మినహాయింపు కోరారు. సుందరరామంగారు సానుభూతితో విన్నారు. ఆయన క్రూరుడు కాడు. క్రూరుడైతే వ్యవహారం తేలికయ్యేది. సెలవు మంజూరు కాదని, నూకరాజు తగడనే అభిప్రాయం అనివార్యమైన స్థానమని, దాన్ని ఖాళీగా ఉంచితే వ్యవస్థ ఒక కాలి మీద నిలబడినట్టవుతుందని వివరించారు. వీర్రాజుగారు విధుల్లో చేరని పక్షంలో దాని అదనపు బాధ్యతలు పేరయ్యగారికి అప్పగించాలని అప్పటికే నిర్ణయమైంది.

పేరయ్యగారి కలం ఎటువంటిదో కాలనీకంతా తెలుసు. ఆయన నూకరాజును ఎన్నడూ చూసి ఎరుగరు. తెలియనివారిని చీల్చి చెండాడటంలోనే ఆయనకు నైపుణ్యమెక్కువ. రేపో ఎల్లుండో ఆ పేరు మీద ఆయన 'మన మాట'లో రాస్తారు, దాని కింద నవ్వులాట మొదలవుతుంది, అది వీర్రాజుగారి కంట పడుతుంది.

"మార్గాంతరం లేదా?" అని అడిగారు.

"మాస్టారూ, అభిప్రాయానికి బదిలీ తప్పదు" అన్నారు సుందరరామంగారు. "వాస్తవానికైతే మన ఉత్తర్వులు వర్తించవు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడనడాన్ని నేను బదిలీ చేయలేను కదా. వాస్తవమంటే ఏమిటో మీరే చక్కగా నిర్వచించారు."

నిజమే. ఏ అభిప్రాయానికి సభ్యులెవ్వరూ అభ్యంతరం తెలుపలేదో అది వాస్తవముగా పరిగణింపబడును అని రాసింది ఆయనే. ఆ వాక్యం రాసిన పూట తన బిగువుకు తానే మురిసిపోయి రెండోసారి కాఫీ తాగారు.

ఆ సాయంత్రం నుంచి ఆయన ఇల్లిల్లూ తిరిగారు. నూకరాజు రాష్ట్ర జట్టుకు తగిన బౌలరన్న సంగతిపై మీకు అభ్యంతరం లేదని తెలియజేయగలరా అని అడిగారు. చిత్రమేమిటంటే, ఎవరినీ ఒప్పించవలసిన అవసరమే రాలేదు. నూకరాజు ఎవరని అడిగినవారు కూడా ఒకరిద్దరే. నిరభ్యంతరం అన్న మాట వినబడగానే ఆ పెద్దమనుషుల ముఖాలు వికసించాయి. సర్వీసంతా ఎదుటివాణ్ణి తమ చుట్టూ తిప్పుకొని, తిప్పుకొని చివరకు ప్రసాదించిన ఆ మాటను మళ్ళీ ఒకసారి ప్రసాదించే భాగ్యం కలిగిందని కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఇద్దరు ముగ్గురు అలవాటు కొద్దీ ఎల్లుండి రమ్మన్నారు. నృసింహమూర్తిగారు ఎల్లుండి వెళ్ళారు.

కామాక్షమ్మగారు మాత్రం సూటిగా అడిగారు. "మొన్నటిదాకా ఆయన పనికిరాడని బ్లాగులో రాసింది మీరే కదండీ. ఇప్పుడు అభ్యంతరం లేదని ఊరంతా తిరుగుతున్నారు. ఇందులో ఏది మీ మాట?"

"బదిలీ అయిందండీ" అన్నారు నృసింహమూర్తిగారు.

ఆ జవాబుకు ఆవిడ పూర్తిగా తృప్తి పడ్డారు.

చివరి గడప పేరయ్యగారిది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, తనకు రాబోయే అదనపు బాధ్యతలను ఎందుకు వదులుకోవాలని అడిగారు. అప్పటికే నూకరాజు మీద నాలుగు పేరాలు మనసులో కట్టి పెట్టుకున్నారట. నృసింహమూర్తిగారు బతిమాలడం ఎరుగని మనిషి. అదనపు బాధ్యతలు తీసుకున్నవారు అసలు బాధ్యతల్లో మరింత ఉత్సాహం చూపించవలసి ఉంటుందని, ఇకపై ఇరవై ఓవర్ల మ్యాచిలన్నీ పేరయ్యగారు చప్పట్లతో సహా చూడవలసి రావచ్చని, అధ్యక్షులు కిటికీ దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడవచ్చని మాత్రం అన్నారు. పేరయ్యగారు వెంటనే అభ్యంతరం లేదన్నారు.

తరువాతి సమావేశంలో సుందరరామంగారు లేచి, కర్రి నూకరాజుగారు రాష్ట్ర జట్టుకు తగిన బౌలరన్న విషయం నేటి నుంచి వాస్తవముగా ప్రకటించడమైనది అన్నారు. చప్పట్లు మోగాయి. అన్నగారి తరఫున తమ్ముడికి శాలువా కప్పారు. ఇంతకాలం ఎంపిక సంఘాలు, పత్రికలు, జిల్లా పెద్దలు ఎవ్వరూ ఒప్పుకోని సంగతిని పెన్షనర్ల కాలనీ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. శాలువా కింద వీర్రాజుగారి భుజాలు కదిలాయి. ఆయన రెండు చేతులూ జోడించారు. అది ఆనందమేనని అందరూ అనుకున్నారు. నృసింహమూర్తిగారు కూడా అనుకున్నారు.

మర్నాటి సాయంత్రం ఇద్దరూ వేపచెట్టు కింద కలిశారు. నృసింహమూర్తిగారు బల్ల తుడిచి కూర్చున్నారు. వీర్రాజుగారు పక్కన కూర్చున్నారు. ఎదురుగా కుర్రాళ్ళు రబ్బరు బంతితో ఆడుకుంటున్నారు. వాకింగు చేసేవారు రెండు చుట్లు తిరిగి వెళ్ళారు.

"తేలిపోయింది కదండీ" అన్నారు నృసింహమూర్తిగారు చివరకు. "ఇక మిమ్మల్ని కదిలించేవారు లేరు."

"ఆయ్. తేలిపోయిందండి."

"మీరు నిరభ్యంతరంగా మాట్లాడవచ్చు."

"ఏం మాట్లాడతామండి మాస్టారూ. అందరూ ఒప్పేసుకున్నారు కదా." వీర్రాజుగారు తన అరచేతుల వంక చూసుకున్నారు. "పొద్దున్న కామాక్షమ్మగారు ఎదురుపడితే అన్నయ్య సంగతి ఎత్తానండి. అవునవును, అది వాస్తవమే అని వెళ్ళిపోయారు. ఎవరితో అన్నా అంతేనండి. మరి నోరు పెగల్చుకునేదేముంది?"

నృసింహమూర్తిగారికి అప్పుడు అర్థమైంది. పేరయ్యగారి కలం నుంచి నూకరాజును కాపాడే తొందరలో, తాను ఆ స్నేహం మొదటి ఏడాది దేనికి భయపడి నోరు మూసుకున్నారో సరిగ్గా దానినే కాలనీ అంతటి చేత చేయించారు. అందరూ ఒప్పుకున్నారు. ఇక నూకరాజు గురించి మాట్లాడవలసిన పని ఎవ్వరికీ లేదు. సూర్యుడు తూర్పున ఉదయించడం గురించి బల్ల మీద కూర్చొని ఎవరు మాట్లాడుకుంటారు?

దీపాలు వెలిగే వేళ అయింది. వీర్రాజుగారు వెళ్ళొస్తానన్నట్టు పంచె సర్దుకున్నారు. దూరంగా సుందరరామంగారు సభ్యులు తమ తమ అభిప్రాయాల్లో ఉన్నారో లేదో చూసుకుంటూ వస్తున్నారు. వాస్తవాలను ప్రశ్నించేవారికి ఏ శిక్ష వేయాలో ఉత్తర్వుల్లో ఉంది. ఆ వాక్యం కూడా నృసింహమూర్తిగారి చేతి చలవే. ఆయన తన జీవితంలో ఒక్క నిబంధన కూడా ఉల్లంఘించలేదు. ఇప్పుడూ ఉల్లంఘించదలచుకోలేదు. అయితే, జాగ్రత్తగా చదివితే, సంఘం తేల్చింది బౌలింగు సంగతి మాత్రమే.

"ఒక్క మాట వీర్రాజుగారూ" అన్నారాయన. "మీ అన్నగారికి బ్యాటింగు మాత్రం బొత్తిగా రాదు."

వీర్రాజుగారు లేవబోయినవారు అలాగే ఆగిపోయారు.

"ఏటండి?"

"బ్యాట్ పట్టుకోవడం కూడా సరిగ్గా తెలియదని నా అభిప్రాయం. రాష్ట్ర జట్టుకు ఎంపిక చేయకపోవడానికి అది కూడా ఒక కారణమై ఉండవచ్చు."

"మా అన్నయ్య బ్యాటింగు మీరెప్పుడైనా చూశారాండి?"

"చూడలేదు."

"చూడకుండా ఎలా అంటారండి?"

"చూసి చెబితే అది సాక్ష్యమవుతుందండీ" అన్నారు నృసింహమూర్తిగారు, అధ్యాపకుడి గొంతుతో. "చూడకుండా చెప్పేదాన్నే అభిప్రాయమంటారు. బ్లాగులో ఇన్నాళ్ళూ మనమందరం రాస్తున్నదేమిటి?"

వీర్రాజుగారి ముఖం మెల్లగా ఎర్రబడింది. ఆయన తిరిగి కూర్చున్నారు. మామూలుగా కూర్చోలేదు; మిత్రుడి వైపు పూర్తిగా తిరిగి, ఒక మోకాలు బల్ల మీదకు ఎక్కించుకొని కూర్చున్నారు. అంతలో సుందరరామంగారు బల్ల దగ్గరకు వచ్చి, ఇక్కడ ఏ అభిప్రాయం నడుస్తున్నదని విచారించారు. కొత్తదని, ఈ సాయంత్రమే ఏర్పడిందని నృసింహమూర్తిగారు నివేదించారు. అధ్యక్షులు కాసేపు ఆలోచించి, కొత్త అభిప్రాయం గనుక మూడేళ్ళ వరకు తాము జోక్యం చేసుకోవడానికి వీలులేదని చెప్పి ముందుకు సాగారు.

వీర్రాజుగారు ఆయన వెళ్ళేదాకా కూడా ఆగలేదు.

"రామచంద్రాపురం మ్యాచి సంగతి మీకు తెలీదు కదండి. తెలీకుండా మాట్లాడకండి. తొమ్మిది వికెట్లు పోయాయి. అన్నయ్య లోపలికి దిగాడు. కాళ్ళకి ప్యాడ్లు లేవండి, మా నాన్న పాత కంబళి ముక్కలు కట్టుకున్నాడు. ఒక్క నిమిషం, మీరు అడ్డం రాకండి, ముందు నన్ను చెప్పనివ్వండి..."

నృసింహమూర్తిగారు అడ్డం వచ్చారు.